పక్కింటి బాబాయి ఇత్తడి బిళ్ల

నా చిన్నప్పుడు మా క్వార్టర్ల వరసలో దొంగ వేషం కట్టడంలో నన్ను మించినవాళ్లు లేరు. గొప్పకి చెప్పడం లేదు, ఉన్న మాట చెబుతున్నాను. తొమ్మిదేళ్ల పిల్లని. రెండు జడలు, మోకాళ్ల మీద ఎప్పుడూ మానీ మానని దెబ్బలు. సాయంత్రం పెద్దవాళ్లంతా మెట్ల మీద చేరి "ఏదే, ఆ దొంగోడి యాక్షన్ సెయ్యి" అంటే చాలు, లోపలికి పరిగెత్తి మా మావయ్య టోపీ తెచ్చి నెత్తిన పెట్టుకునేదాన్ని. ఆ వేషం వల్ల ఒక ఇల్లు ఖాళీ అయిపోయింది. ఇన్నేళ్లుగా ఎవరికీ చెప్పని ఆ సంగతి ఇప్పుడు చెబుతున్నాను.

మా వరస ఖరగ్‌పూర్‌లో నిమ్‌పురా యార్డు పక్కన ఉండేది. పన్నెండు ఇళ్లు, అందరికీ కలిపి ఒక కుళాయి. అందరం శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి తాతల కాలంలో రైల్వే పనికి వచ్చినవాళ్లమే. ఇంట్లో తెలుగు, బడిలో తెలుగు, చేపల బజారులో బంగ్లా. హిందీ మాత్రం మా పిల్లలకి ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. సినిమాలో విన్నదే మా హిందీ. అర్థం తెలిసినవి నాలుగు ముక్కలు, తెలియనివి నలభై. అన్నిటినీ ఒకే ధైర్యంతో వాడేసేవాళ్లం.

నన్ను సినిమాలకి తీసుకెళ్లేది మా మావయ్య, అమ్మకి తమ్ముడు. అప్పటికి పెళ్లి కాలేదు, మా ఇంట్లోనే ఉంటూ యార్డు దగ్గర ఒక రిపేరు షెడ్డులో ఫిట్టరుగా చేసేవాడు. ఆ షెడ్డు ఇప్పుడు లేదు, ఎక్కడుండేదో చెప్పినా ఎవరికీ గుర్తుండదు. మనుషుల్ని నవ్వించడంలో మావయ్యకి ఉన్న నేర్పు నేను మరొకరిలో చూడలేదు. అమ్మ చీపురు పట్టుకుని అతన్ని తిట్టడం మొదలుపెడితే, ఆ చీపురు తనే అందుకుని ఇల్లు ఊడుస్తూ, అచ్చం అమ్మ గొంతుతో తనని తాను తిట్టుకునేవాడు. అమ్మ నవ్వేసేది. చేపలమ్మే బెంగాలీ ఆవిడని 'దీదీ' అని ఒక్కసారి పిలిస్తే తూకం అయ్యాక ఇంకో చేప వచ్చి సంచిలో పడేది. అతని మీద కోపం తెచ్చుకోవడం ఎలాగో మా వరసలో ఒక్కరికీ తెలియదు. నేను నేర్చుకున్నాను గానీ, చాలా ఆలస్యంగా.

ఆ ఏడాది ఒక హిందీ సినిమా వచ్చింది. హాస్యం సినిమా. అందులో హీరో దొంగ. ఒక షావుకారు ఇంట్లో పెళ్లి జరుగుతుంటే చుట్టంలా దిగుతాడు. ఆడపెళ్లివాళ్లు మగపెళ్లివాళ్ల మనిషి అనుకుంటారు, వాళ్లు వీళ్ల మనిషి అనుకుంటారు. అందరి దగ్గరా ఆశీర్వాదాలు తీసుకుంటూ ఉంగరాలు లాగేస్తుంటాడు. బీదవాళ్ల వస్తువేదైనా పొరపాటున చేతికొస్తే, వాళ్లు చూసుకునేలోపే తిరిగి వాళ్ల దగ్గర పెట్టేస్తాడు. చివరికి పోలీసు ఇన్‌స్పెక్టరు వచ్చి దొంగ ఎవరని గద్దిస్తే, తనే ముందుకు వచ్చి, టోపీ తీసి, నడుం వంచి "చోర్ తో మై హీ హూ, సాబ్!" అంటాడు. దొంగని నేనే దొరగారూ అని. పెళ్లివాళ్లంతా పొట్ట పట్టుకుని నవ్వుతారు. ఇన్‌స్పెక్టరూ నవ్వుతాడు. నిజం చెప్పినవాడు నవ్వుల మధ్యనుంచే గుమ్మం దాటి వెళ్లిపోతాడు. హాలంతా ఈలలు.

మావయ్య నన్ను ఆ సినిమాకి రెండు ఆదివారాలు మ్యాట్నీకి తీసుకెళ్లాడు. మూడో ఆదివారానికి వరసలో వేషం మొదలైంది. నేను టోపీ తీసి వంగి ఆ మాట అనగానే పన్నెండు ఇళ్లవాళ్లు నవ్వేవారు. నాకు ఆ నవ్వు అన్నం కన్నా ఎక్కువైపోయింది. సాయంత్రం ఎప్పుడవుతుందా అని బడిలో కూర్చుని ఎదురు చూసేదాన్ని.

నవ్వని మనిషి ఒక్కడే ఉండేవాడు, మా పక్కింటి బాబాయి. చుట్టరికం ఏమీ లేదు, వరసలో అలా పిలుచుకునేవాళ్లం. ఆయనా మావయ్య చేసే షెడ్డులోనే చేసేవాడు. నల్లగా, పొడుగ్గా, ఎప్పుడూ ఏదో పోగొట్టుకున్నట్టు నేల చూస్తూ నడిచే మనిషి. ఆయనకి మాట తొందరగా వచ్చేది కాదు. నత్తి కాదు. ఎవరైనా ఏదైనా అడిగితే లోపల వెతుక్కుని, మాట దొరికాక బయటికి తెచ్చేవాడు. అంతసేపు ఆగే ఓపిక ఎవరికుంటుంది? ఆయన నోరు తెరిచేసరికి అడిగినవాళ్లు ఇంకో ఊసులో పడిపోయేవాళ్లు. నా వేషం మొదలయ్యే వేళకి ఆయన మెట్ల మీదినుంచి లేచి లోపలికి వెళ్లిపోయేవాడు. అది నాకు అవమానంగా ఉండేది. ఈ మనిషిని ఎలాగైనా నవ్వించాలని పట్టుదల పుట్టింది.

ఆయన భార్యని పిన్నీ అనేదాన్ని. వాళ్లకి పిల్లల్లేరు. మా తమ్ముడు అప్పటికి చంటివాడు, అమ్మకి చేతులు ఖాళీ ఉండేవి కావు. అందుకని రోజూ పొద్దున్నే పిన్ని దగ్గర కూర్చుని తల దువ్వించుకుని జడలు వేయించుకునేదాన్ని. ఆవిడ చేతికి చిక్కు తీసేటప్పుడు కూడా నొప్పి తెలిసేది కాదు. ఆ ఇంట్లో నాకు అడ్డూ ఆపూ లేదు. ఏ గదిలోకి వెళ్లినా, ఏ డబ్బా మూత తీసినా 'ఏటే' అన్నవాళ్లు లేరు.

ఇక ఆ బిళ్ల సంగతి చెప్పాలి. షెడ్డులో పనిచేసే ప్రతి మనిషికీ నంబరు కొట్టిన ఒక ఇత్తడి బిళ్ల ఉండేది. అది మనిషితోపాటు ఇంటికి వస్తుంది, మనిషితోపాటు పనికి వెళ్తుంది. పొద్దున్న రెండో సైరను కూసేలోగా గేటు దగ్గరున్న డబ్బాలో ఎవరి బిళ్ల వాళ్లు వెయ్యాలి. సైరను ఆగగానే డబ్బాకి తాళం పడుతుంది. టైమ్‌కీపరు బిళ్లలన్నీ తీసి లోపల బోర్డు మీద నంబరు ప్రకారం మేకులకి తగిలిస్తాడు. మేకుకి బిళ్ల ఉంటే మనిషి పనిలో ఉన్నట్టు, లేకపోతే రానట్టు. కొందరు ఇంట్లో పడుకుని స్నేహితుడి చేత తమ బిళ్ల వేయించేవాళ్లు. ఒకరి బిళ్ల ఇంకొకరు వేస్తే ఇద్దరి ఉద్యోగాలూ పోతాయని అంతకు నెల ముందే గేటుకి కాగితం అంటించారట. ఆ కాగితం సంగతి నాకు తెలియదు. మావయ్యకి తెలుసు.

ఒకరోజు పొద్దున్న పిన్ని జడలు వేసి పాలు దించడానికి లోపలికి వెళ్లింది. బాబాయి కుళాయి దగ్గర స్నానం చేస్తున్నాడు. ఆయన ఖాకీ చొక్కా తలుపు వెనక కొక్కేనికి ఉంది. జేబులో వేళ్లు పెట్టాను. బిళ్ల చల్లగా తగిలింది. సినిమాలో దొంగలాగే రెండు వేళ్లతో తీశాను, ఆయన చూసుకునేలోపే తిరిగి ఇచ్చేద్దామనుకున్నాను. వీధి మలుపు దగ్గర నిలబడి, ఆయన సైకిలు వచ్చేసరికి అడ్డం వెళ్లి, వంగి, బిళ్ల చేతిలో పెట్టి ఆ మాట అంటాను. అప్పుడైనా నవ్వకుండా ఎలా ఉంటాడో చూద్దాం.

మలుపులో నాకు ముందు ఎదురైంది మావయ్య. సైకిలు మీద పనికి వెళ్తున్నాడు. బిళ్ల చూపించాను. సైకిలు దిగి, హ్యాండిలు మీద తల ఆనించి నవ్వాడు.

"ఓలమ్మ, ఆడి బిళ్లే లేపేసినావేటే! ఇలాగిచ్చీ. నా బిళ్లతోపాటు నాను డబ్బాలో పడేస్తాను. ఆడు గేటు కాడ జేబులన్నీ తడుముకుంటాడు. తీరా సూస్తే బిళ్ల లోపల మేకుకి ఏలాడతంటాది. అప్పుడు సూడాలి ఆడి మొగం!"

నా ఆట కన్నా అతని ఆట పెద్దదిగా, అందంగా కనిపించింది. బిళ్ల ఇచ్చేసి అటునుంచి అటే బడికి వెళ్లిపోయాను.

ఆ తర్వాత జరిగింది నేను చూడలేదు, వరసలో అందరూ చెప్పుకోగా విన్నాను. బాబాయి ఇల్లంతా వెతికాడు, పిన్ని పరుపు దులిపింది, బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టి కలియబెట్టింది. రెండో సైరను కూశాక ఆయన ఉత్త చేతులతో గేటు దగ్గరికి పరిగెత్తాడు. బిళ్ల పోయిందని టైమ్‌కీపరుకి చెప్పుకున్నాడు. టైమ్‌కీపరు తలతిప్పి బోర్డు చూశాడు.

"నీ బిళ్ల లోపలున్నాది, నువ్వు బయటున్నావు. మరి ఏసినోడు ఎవుడు?"

బాబాయి జవాబు కోసం లోపల వెతుక్కున్నాడు. ఆయనకి మాట దొరికేలోపు టైమ్‌కీపరు ఫోర్‌మన్‌ని పిలిచాడు. దొరికిన మాట కూడా "నాకు తెల్దు" అన్నదే. మావయ్య ఇరవై అడుగుల దూరంలో తన బల్ల దగ్గర నిలబడి చూస్తున్నాడు. అప్పుడే ముందుకు వచ్చి, 'ఎగతాళికి నేనే వేశానండీ, తప్పయిపోయింది' అని ఉంటే నాలుగు తిట్లతో పోయేది. మహా అయితే వారం రోజులు పనిలోంచి ఆపేవాళ్లు. అతను నవ్వు కోసం ఆగాడు. నవ్వు రాలేదు. నవ్వు లేని చోట ఏం చెయ్యాలో మా మావయ్యకి ఎవరూ నేర్పలేదు.

సాయంత్రం ఇంటికి వచ్చి నన్ను కుళాయి గట్టు వెనక్కి తీసుకెళ్లాడు. "ఎవుల్తోనైనా సెప్పినావేటే?" అన్నాడు. లేదన్నాను. "సెప్పకు. సెప్తే నా నౌకరీ పోతాది, మీ అమ్మ ఏడుస్తాది. రెండ్రోజుల్లో అంతా సల్లారిపోతాది" అన్నాడు. నా మొహం ఎలా ఉందో ఏమో, వెంటనే కనుబొమ్మ ఒకటి పైకెత్తి సినిమాలో దొంగ పెట్టే మొహం పెట్టాడు. నేను నవ్వాను. అంతటితో మా ఒప్పందం అయిపోయింది.

మర్నాడు పొద్దున్న యథాప్రకారం పిన్ని దగ్గర కూర్చున్నాను. ఆవిడ కళ్లు వాచి ఉన్నాయి. దువ్వెన నడుస్తూ నడుస్తూ ఆగింది.

"ఒలే, నిన్న పొద్దున్న బాబాయి సొక్కా కాడికి ఎవులైనా వచ్చినట్టు సూసినావేటే?"

నేను తల వెనక్కి తిప్పి, ఆ దొంగ నవ్వే నవ్వి, "సూసినాను పిన్నీ. పిల్లి వచ్చినాది. బిళ్లట్టుకుని టేసనుకెల్లి, టిక్కెట్టు కొనుక్కుని మద్రాసు మెయిలెక్కేసినాది" అన్నాను. పిన్ని నవ్వింది. నిన్నటినుంచి ఏడుస్తున్న మనిషి పకపకా నవ్వింది. "నువ్వెందుకు తీస్తావులే, ఆయనడగమన్నాడని అడిగినాను" అని నా నెత్తి మీద ముద్దు పెట్టుకుని వేరుశెనగ ఉండ చేతిలో పెట్టింది. నేను దాన్ని తిన్నాను.

రెండ్రోజుల్లో చల్లారలేదు. బాబాయిని పనిలోంచి ఆపి విచారణ వేశారు, అది నెల రోజులు నడిచింది. ఎవరి చేత వేయించావో పేరు చెబితే నీ శిక్ష తగ్గుతుందన్నారట. ఆయన దగ్గర చెప్పడానికి పేరు లేదు. పేరు చెప్పడం లేదు కాబట్టి మొండివాడన్నారు. ఫోర్‌మన్‌తో ఎప్పుడో జరిగిన గొడవ తాలూకు పాత కాగితం కూడా బయటికి తీశారు. వరసలో జనం కూడా అదే పాట. "ఎవుడో దోస్తుని కాపాడతన్నాడు" అన్నవాళ్లు కొందరు, "మూగోడిలాగుంటాడు గానీ లోపల గట్టోడే" అన్నవాళ్లు కొందరు. నెమ్మదిగా ఉండే మనిషిని నెమ్మదస్తుడని ఎవరూ అనలేదు. దొంగ అలాగే ఉంటాడన్నారు. అదే మా మావయ్య మీద అనుమానం వచ్చి ఉంటే, 'ఛ, అతనా!' అని నవ్వి ఊరుకునేవారు. మనకి నచ్చినవాడు దొంగ కాడని మనం ముందే తీర్పు రాసి పెట్టుకుంటాం. ఆ తీర్పు ఎంత చల్లగా రాస్తామో నేను ఆ నెల రోజుల్లో చూశాను.

ఆ నెల రోజులూ మావయ్య బాబాయితో చాలా మంచిగా ఉన్నాడు. చేపలు తెస్తే సగం వాళ్లింటికి పంపేవాడు. సాయంత్రం ఆయన పక్కన మెట్ల మీద కూర్చుని భుజం మీద చెయ్యి వేసి "పర్వానేదు దాదా, అంతా ఠీక్ అయిపోతాది" అనేవాడు. ఆ చెయ్యి తియ్యమని చెప్పడానికి కూడా బాబాయికి మాట దొరకలేదేమో. పిన్ని మాత్రం ఆ చేపలు వండుతూ, కష్టంలో తోడున్నది నీ తమ్ముడొక్కడే అని మా అమ్మతో కళ్లనీళ్లు పెట్టుకునేది. మా అమ్మకి ఏమీ తెలియదు. నాకు అన్నం సహించడం మానేసింది. రోజూ పిన్ని ముందు కూర్చుని జడలు వేయించుకోవడం, ఇంటికొచ్చి అవి ఊడదీసేసుకోవడం. ఎందుకే అని అమ్మ రెండు దెబ్బలు వేసింది కూడా.

ఒక ఆదివారం సాయంత్రం విచారణ ఇన్‌స్పెక్టరు స్వయంగా మా వరసకి వచ్చాడు. ఉత్తరాది పెద్దమనిషి, చేతిలో గొడుగు, కళ్లజోడు. బాబాయి ఇంటి ముందు కుర్చీ వేశారు. చొక్కా తగిలించిన కొక్కెం చూశాడు, ఇంటికి ఎవరెవరు వస్తారో అడిగాడు. వరసంతా చుట్టూ చేరింది. కాసేపయ్యాక ఆయన కాగితాలు మడుస్తూ హిందీలో చెప్పాడు. ఆ బిళ్ల వేసిందెవరో తెలిసినవాళ్లు ఇక్కడ ఎవరైనా ఉంటే ఇప్పుడే చెప్పండి, నేను రాసుకుంటాను, రేపు నా చేతుల్లో ఏమీ ఉండదు, ఇతని ఉద్యోగం పోతుంది అన్నాడు. ఎవరో తెలుగులో దాన్ని అందరికీ చెప్పారు. పిన్ని గుమ్మంలో కూలబడి కొంగు నోట్లో కుక్కుకుంది. నేను మావయ్య వైపు చూశాను. సైకిలుకి ఆనుకుని నిలబడి బెల్లు మీద దుమ్ము తుడుస్తున్నాడు.

నేను ముందుకు నడిచాను. నిజం చెప్పేద్దామనే నడిచాను, అది మాత్రం నమ్మండి. గొంతులో ఏడుపు ఉంది. ఎదురుగా ఉన్న మనిషికి తెలుగు రాదు. హిందీలో చెప్పాలి. దొంగతనం గురించి నాకు వచ్చిన హిందీ ఒక్కటే వాక్యం. నోరు తెరిస్తే అదే వచ్చింది.

"చోర్ తో మై హీ హూ, సాబ్."

వెనకనుంచి ఎవరో కిసుక్కుమన్నారు. అంతే, పన్నెండు ఇళ్లూ ఒక్కసారి నవ్వాయి. ఇన్‌స్పెక్టరు కూడా ఆ సినిమా చూసినట్టున్నాడు, కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకుంటూ నవ్వాడు. నేను గట్టిగా "కాదు, నిజింగా నానే, బాబాయి జేబులోంచి" అని తెలుగులో అరిచాను. మావయ్య రెండు అంగల్లో వచ్చాడు. "అలగ్గాదే, టోపీ ఏదే? సాబ్ ముందు సేస్తే పూరాగా సెయ్యాల!" అంటూ తన టోపీ తీసి నా నెత్తిన పెట్టాడు. టోపీ కళ్ల మీదికి జారింది. నవ్వు రెట్టింపైంది. నా కన్నీళ్లు చూసి, ఏడుపు కూడా ఎంత బాగా చేస్తోందో అని ఒకావిడ అంది. చప్పట్లు మొదలయ్యాయి.

ఆ చప్పట్లకి నా చెయ్యి టోపీ మీదికి వెళ్లింది. టోపీ తీశాను. నడుం వంచాను. వేషం పూర్తి చేశాను.

లేచేసరికి బాబాయి మొహం ఎదురుగా ఉంది. ఆయన ఒక్కడే నవ్వలేదు. ఆయన నన్ను నమ్మాడని ఆ చూపులోనే తెలిసింది. "ఈ పిల్ల... సార్, ఈ పిల్ల..." అని మొదలుపెట్టాడు, మాట కోసం లోపల వెతుక్కుంటున్నాడు. ఈలోగా ఇన్‌స్పెక్టరు లేచి గొడుగు అందుకుని, నా బుగ్గ గిల్లి, జేబులోంచి చాక్లెట్ తీసి ఇచ్చి వెళ్లిపోయాడు. బాబాయికి మాట దొరికిందో లేదో ఎవరూ ఆగి వినలేదు.

ఉద్యోగం తీసేస్తూ కాగితం వచ్చింది. క్వార్టరు ఖాళీ చెయ్యమన్నారు. సామాను కట్టుకున్న రోజు పొద్దున్న కూడా నేను అలవాటు కొద్దీ వెళ్లి పిన్ని ముందు కూర్చున్నాను. పొమ్మంటుందనుకున్నాను. ఆవిడ మూటలోంచి దువ్వెన వెతికి తీసి, ఎప్పటిలాగే దువ్వి, రెండు జడలూ వేసింది. రిబ్బను ముడి వేస్తూ మెల్లగా అంది.

"ఆ రోజు నాను కూడా నవ్వినానే. ఆయన ఇంట్లోకొచ్చి, ఆ గుంట నిజిమే సెప్పినాదే అన్నాడు. నాను తిట్టినాను ఆయన్ని. పసిపిల్ల మీదెడతావేటని తిట్టినాను."

అంతే. నువ్వే తీశావా అని అడగలేదు. అడుగుతుందని వెన్ను బిగించుకుని కూర్చున్నాను. అడిగి ఉంటే నిజం చెప్పేదాన్నో, ఇంకో పిల్లి కథ చెప్పేదాన్నో నాకు ఈనాటికీ తెలియదు. దువ్వెన మూటలో పెట్టేసుకుని, ఇంక లేవమన్నట్టు నా భుజం తట్టింది. మధ్యాహ్నం బండికి వాళ్లు పలాస వైపు వెళ్లిపోయారు. అక్కడ ఆవిడ పుట్టిల్లు ఉందన్నారు. తర్వాత వాళ్ల ఊసు నాకు చేరలేదు. చేరేలా నేను అడగలేదు కూడా.

మావయ్య అరవై ఏళ్లకి దండలు వేయించుకుని రిటైరయ్యాడు. అందరికీ ఇష్టుడుగా బతికాడు, అందరూ ఏడుస్తుండగా పోయాడు. పోయిన రోజున కూడా అతను చేసిన ఎగతాళులు చెప్పుకుని జనం ఏడుపులో నవ్వుకున్నారు. అతను చెడ్డవాడని చెప్పడానికి ఇది రాయలేదు. మాకు జ్వరమొస్తే పక్కన కూర్చునే మనిషి. అతని మంచితనం మా ఇంటి గోడ దాకానే ఉండేది, అంతే. ఆ గోడ అవతల ఉన్నవాళ్లకి నవ్వు మాత్రమే పంచాడు. పెద్దయ్యాక ఒకసారి నేను ఆ సంగతి ఎత్తితే, "ఏ బిళ్లే?" అన్నాడు. నటించలేదు. నిజంగానే మర్చిపోయాడు.

నేను టీచర్నయ్యాను. ఆ ఊళ్లోనే ఝపటాపూర్‌లో ఇల్లు కట్టుకున్నాను. బడిలో ముప్పై ఏళ్లు పనిచేశాను. ఏ పిల్లయినా లేచి 'నేనే చేశాను టీచర్' అన్నప్పుడు క్లాసులో నవ్వు లేస్తే, మిగతా పిల్లలందర్నీ బయటికి పంపేదాన్ని. ఆ ఒక్క పిల్లనీ ఎదురుగా కూర్చోబెట్టి, మాట పూర్తయ్యేదాకా ఆగేదాన్ని. కొన్నిసార్లు బెల్లు కొట్టేసేవారు, అయినా ఆగేదాన్ని. టీచరమ్మకి హాస్యం తెలియదని పిల్లలు చెప్పుకునేవాళ్లు. ఓపిక చాలా ఎక్కువని తోటి టీచర్లు అనేవారు.

అది ఓపిక కాదు, భయం. బిళ్ల తీసినందుకు తొమ్మిదేళ్ల వయసుని అడ్డం పెట్టుకోగలను. పిన్నికి అబద్ధం చెప్పినందుకు మావయ్యని అడ్డం పెట్టుకోగలను. ఆ సాయంత్రం టోపీ తీసి వంగినప్పుడు మాత్రం, గొంతులో ఏడుపు ఇంకా ఉండగానే, ఎదురుగా ఆ మనిషి మొహం చూస్తూనే, చప్పట్లు వినడం నాకు చాలా బాగుంది.